ఆవిరయ్యేది నీళ్లే, రాగి కాదు

ఆవకాయను ఇత్తడి గిన్నెలో ఎందుకు పెట్టరో మన ఇళ్లలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. జాడీయే తీస్తారు. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కుతుందని అమ్మమ్మలు ఏ కెమిస్ట్రీ చదవకుండానే కనిపెట్టేశారు. అదే ఇంట్లో, హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టేసరికి ఆ తెలివి ఎటు పోతుందో తెలీదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీళ్లలో స్టీలు క్లిప్పులు, అయస్కాంతాలు, ఇత్తడి జాయింట్లు ఏళ్ల తరబడి ఊరబెడతాం. ఓ రోజు రొయ్య చచ్చిపోతే నీళ్లు పడలేదేమో అనుకుంటాం.

మొదట కనబడే గుర్తు చాలా చిన్నది. అద్దానికి అతుక్కుని పాకే నత్త కిందపడి వెల్లకిలా ఉంటుంది. తిప్పి పెడతాం. మర్నాడు పొద్దున మళ్లీ అక్కడే, అలాగే ఉంటుంది. తర్వాత క్లీనర్ రొయ్య కుబుసం విడుస్తూ విడుస్తూ సగంలో ఆగి చచ్చిపోతుంది. జీనియా పగడం పిడికిలి మూసి తెరిచే ఆట ఆపేస్తుంది. చేపలు మాత్రం మేత డబ్బా చప్పుడు వినగానే ఎప్పటిలాగే పైకి వస్తాయి. ఈ తేడాలోనే అసలు సంగతి ఉంది. అమ్మోనియా పెరిగితే చేపలు కూడా రొప్పుతాయి. చేపలు బాగుండి, వెన్నెముక లేని ప్రాణులు మాత్రమే ఒకదాని వెనక ఒకటి పోతుంటే లోహాన్ని అనుమానించాలి. అంతకన్నా ముందు ఉప్పు గాఢత కొలవాలి. అది ఒక్కసారిగా మారినా ముందు పడేది నత్తలూ రొయ్యలే. రెండు నిమిషాల పని అది. అది చేయకుండా లోహం లోహం అని కంగారుపడి వందల రూపాయల ఫిల్టర్ మీడియా కొన్నవాళ్లని చూశాను. అందులో నేనూ ఒకణ్ణి.

లోహాలన్నిటినీ ఒకే గాటన కట్టలేం. ఇంటి ట్యాంకుల్లో ప్రధాన ముద్దాయి రాగి. జింకు, నికెల్ దాని వెనకే వస్తాయి. ఇనుము పెద్ద విషమేం కాదు. సముద్రపు నీటి పీహెచ్‌లో అది త్వరగా తుప్పు రేణువులుగా అడుగున పడుతుంది, కాస్త నాచుకు బలమిస్తుంది, అంతే. అయినా తుప్పు కనబడితే తేలిగ్గా తీసుకోకూడదు. ట్యాంకులో శుద్ధ ఇనుప వస్తువు ఎవరూ వేయరు. తుప్పు పట్టింది స్టీలైతే దాని వెంట క్రోమియం, నికెల్ వస్తాయి. అయస్కాంతమైతే ఇంకా దారుణం. అద్దం తుడిచే మాగ్నెట్లలోనూ, ట్యాంకు లోపలి పంపుల్లోనూ ఉండే నియోడిమియం అయస్కాంతాలకు మామూలుగా నికెల్, దాని కింద రాగి, దాని కింద మళ్లీ నికెల్ పూత ఉంటుంది. పైనున్న ప్లాస్టిక్ తొడుగు పగిలితే ఉప్పునీరు తినేది ముందుగా ఈ మూడు పొరలనే. గోధుమరంగు తుప్పు మన కంటపడేసరికి నికెల్, రాగి నీళ్లలోకి వెళ్లి చాలా రోజులై ఉంటుంది.

నా 200 లీటర్ల ట్యాంకులో జరిగింది సరిగ్గా ఇదే. మూడు వారాలు నీళ్లు మార్చాను, కార్బన్ మార్చాను, ఉప్పు బ్రాండు కూడా మార్చాను. చివరికి అద్దం తుడిచే మాగ్నెట్ లోపలి ముక్కను చేతిలోకి తీసుకుని లైటు కింద తిప్పి చూస్తే, ఒక మూల వెంట్రుకంత పగులు కనిపించింది. గోరుతో నొక్కితే టీ డికాక్షన్ రంగు చుక్క ఒకటి ఊరి వచ్చింది. ఆ ముక్క ఏడాదిగా ట్యాంకులోనే వేలాడుతూ ఉంది.

ఇక్కడో చిక్కుముడి ఉంది. రొయ్యల, పీతల రక్తంలో ఆక్సిజన్ మోసేది హీమోసయానిన్, దాని నడుమ ఉండేది రాగే. అందుకే ఆ రక్తం నీలంగా ఉంటుంది. తన రక్తంలోనే రాగి ఉన్న ప్రాణి చిటికెడు రాగికే ఎందుకు చచ్చిపోతుంది? ఒంట్లో ఉన్నది ప్రొటీన్‌కు కట్టేసిన రాగి. నీళ్లలో విడిగా తిరిగే రాగి అయాన్ అలాంటిది కాదు. అది మొప్పలకు అతుక్కుని, ఒంట్లోని లవణాలను అదుపులో ఉంచే సోడియం పంపును పాడు చేస్తుంది. చేపకూ ఇదే జరుగుతుంది గానీ ఎక్కువ మోతాదు వరకు తట్టుకుంటుంది. ఈ తేడా మీదే చేపల వైద్యం నడుస్తోంది. ఉప్పునీటి చేపలకు వచ్చే తెల్లమచ్చల జబ్బుకు, వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బుకు విడి ట్యాంకులో కాపర్ సల్ఫేట్‌తో చికిత్స చేసేటప్పుడు లీటరుకు 150 నుంచి 200 మైక్రోగ్రాముల రాగి ఉంచుతారు. పరాన్నజీవి చస్తుంది, చేప బతుకుతుంది. ఆ నీళ్లలో నత్తను వేస్తే అది బతకదు.

కాపర్ సల్ఫేట్ అంటే మన మైలుతుత్తమే. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొట్టేదీ అదే. ఓడలవాళ్లకు కూడా రాగి సంగతి ఎప్పుడో తెలుసు. 1761లో బ్రిటిష్ నౌకాదళం హెచ్‌ఎంఎస్ అలారం అనే ఓడ అడుగుకు రాగి రేకు తాపడం చేసింది. చెక్కను తొలిచే పురుగుల బెడద నుంచి కాపాడటం దాని పని. తర్వాతి రోజుల్లో తగరం సమ్మేళనం టీబీటీ కలిపిన రంగులు వచ్చాయి. అవి ఎంత బాగా పనిచేశాయంటే ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ ఖాతంలో ఆల్చిప్పల సాగు దెబ్బతింది. 1982లో ఆ దేశం వాటి మీద ఆంక్షలు పెట్టింది, 2008 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద ఓడలన్నిటికీ నిషేధం అమల్లోకి వచ్చింది. అంటే రాగి కూడా సముద్రపు చిన్న ప్రాణులను చంపడానికి మనుషులు ఏరి కోరి వాడిన సరుకే. దాన్నే తెలియక డ్రాయింగ్ రూములో పోస్తున్నాం.

ఎంత పోస్తే ప్రమాదం అన్న దగ్గర చాలామంది తడబడతారు, ఎందుకంటే కొలమానాలు కలగాపులగంగా ఉంటాయి. నడిసముద్రపు నీటిలో రాగి లీటరుకు అర మైక్రోగ్రాము కూడా ఉండదు. ఉప్పునీటి జీవులకు అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు కొద్దిసేపటికైతే 4.8 మైక్రోగ్రాములు, దీర్ఘకాలానికైతే 3.1. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మనిషి తాగడానికి రాగి 50 మైక్రోగ్రాముల వరకు సమ్మతం, వేరే నీళ్లు దొరక్కపోతే 1,500 వరకు కూడా అనుమతి ఉంది. మనకు నిక్షేపమైన నీళ్లు రొయ్యకు హద్దు కన్నా పదింతలు. ఆ 4.8నే 5 అనుకుందాం. 200 లీటర్ల ట్యాంకును అక్కడికి చేర్చడానికి కావలసిన రాగి మొత్తం ఒక్క మిల్లీగ్రాము. పదిహేను ఇరవై సన్నని ఉప్పు రవ్వల బరువు.

పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రైలు గోదావరి దాటుతుంటే బిళ్లలు వేయడం చూసిన పిల్లలు ట్యాంకులో కూడా వేస్తారు. మన పసుపు రంగు ఐదు రూపాయల బిళ్లలోనూ, పది రూపాయల బిళ్ల పసుపు అంచులోనూ ఎక్కువ భాగం రాగే.

అయినా బిళ్లల కన్నా, మాగ్నెట్ల కన్నా మన దగ్గర నేను ఎక్కువ భయపడేది టాపప్ నీళ్లకు, అంటే ఆవిరైపోయిన వాటి బదులు పోసే నీళ్లకు. మా బ్యాచ్‌లో ఒకాయన ట్యాంకులో నత్త అన్నది నిలిచేది కాదు. లోపల ఒక్క లోహపు ముక్క లేదు, అన్నీ వెతికాం. ఏ నీళ్లు పోస్తున్నారని అడిగితే, "మేం తాగే నీళ్లేనండీ, వంటింట్లో ఆర్వో ఉంది కదా" అన్నారు. వెళ్లి చూస్తే ఆ ఆర్వో ఆరోగ్యం కోసం రాగి కలిపే రకం. రాత్రంతా రాగిచెంబులో ఉంచిన నీళ్లు మంచివన్న నమ్మకాన్ని ఓ కార్ట్రిడ్జిలో పెట్టి అమ్ముతున్నారు. ఆయనేమో అవే నీళ్లు రోజుకో రెండు లీటర్ల చొప్పున ట్యాంకులో పోస్తున్నారు.

లెక్క చూడండి. 200 లీటర్ల ట్యాంకు నుంచి రోజుకు 2 లీటర్లు ఆవిరవుతాయనుకుందాం. మన ఎండాకాలంలో ఫ్యాను వేస్తే అంతకన్నా ఎక్కువే పోతాయి. టాపప్ నీళ్లలో లీటరుకు 50 మైక్రోగ్రాముల రాగి ఉంటే, రోజుకు 100 మైక్రోగ్రాములు లోపలికి చేరతాయి. అంటే ట్యాంకు గాఢత రోజుకు అర మైక్రోగ్రాము పెరుగుతుంది. నీళ్లు ఆవిరవుతాయి, రాగి అక్కడే ఉంటుంది. చారు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టు, నెల తిరిగేసరికి 15కు చేరుతుంది. కొంత రాళ్లకు పడుతుంది కాబట్టి నీటిలో అంత కనబడకపోవచ్చు. ఆ రాళ్ల సంగతి తర్వాత చెప్తాను. నీళ్లు మార్చేటప్పుడు మంచి నీళ్లు వాడి, టాపప్‌కు ఏదో ఒకటి పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి జాగ్రత్త టాపప్ దగ్గరే ఎక్కువ ఉండాలి.

ఇదే కోవలో ఏసీ నీళ్లు. పైపు కింద బకెట్ పెట్టి, ఇది డిస్టిల్డ్ వాటరే కదా అంటారు. గాల్లోంచి వచ్చినంత వరకు నిజమే. తర్వాత అవి జారేది రాగి గొట్టాల మీదా, అల్యూమినియం రేకుల మీదా. మొక్కలకు పోసుకోండి. చిల్లర్ కూడా చూసి కొనాలి. ఉప్పునీటి చిల్లర్ లోపలి కాయిల్ టైటానియంది అయ్యుండాలి. డబ్బు కలిసొస్తుందని ఫ్రిజ్ మెకానిక్ చేత రాగి కాయిల్‌తోనో, స్టీలు కాయిల్‌తోనో చేయించుకుంటే మన ఊళ్ల ఎండలకు అది రోజంతా పనిచేస్తుంది, రోజంతా కరుగుతుంది. స్టెయిన్‌లెస్ అన్న పేరు చూసి మోసపోవద్దు. ఆ మెరుపును కాపాడేది పైనున్న సన్నని ఆక్సైడ్ పొర. ఉప్పులోని క్లోరైడ్ దానికి సూదిమొనంత బెజ్జం పెట్టి లోపలికి తొలుస్తుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం వంటింటి 304 కన్నా ఎక్కువ కాలం తట్టుకుంటుంది, కానీ నిత్యం మునిగుండే చోటికి అదీ పనికిరాదు. మూత మీది మరలు, లైటు క్లిప్పు, పైపు బిగించే క్లాంపు, హీటర్ పగులు, పంపు ఇరుసు ఇవన్నీ విప్పి చూడాల్సినవే. మూత మీద ఉప్పు పేరుకుని, అందులో మర తుప్పు పట్టి, ఆ తుప్పునీరు మళ్లీ ట్యాంకులో చుక్కలుగా పడటం నేను చూసిన ప్రతి మూడో ట్యాంకులోనూ ఉంది. చాలా కొద్దిగా కావలసిన మూలకాలని అమ్మే ట్రేస్ ఎలిమెంట్ల సీసాలు అదో రకం. కొలవకుండా పోస్తే మనమే లోహం కొని వేసినట్టు.

అనుమానం వచ్చాక పరీక్ష చేయాలి కదా. దుకాణంలో దొరికే రంగు మారే రాగి కిట్లు చికిత్స ట్యాంకుల కోసం చేసినవి. వాటి కంటికి 150 మైక్రోగ్రాములు కనబడతాయి గానీ 10 కనబడవు. కిట్ సున్నా చూపించిందంటే రాగి లేదని కాదు, దాని చూపు అంతవరకే అని. నీళ్లలో కరిగినదంతా కలిపి చూపించే టీడీఎస్ మీటర్ ఇంకా మొద్దు. దాని మీద ఒక్క అంకె అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము, అంటే వెయ్యి మైక్రోగ్రాములు. మీటర్ ఒకటి చూపిస్తున్న నీళ్లలో రాగి 50 ఉన్నా దానికి తెలియదు. ఆర్వో తర్వాత, మిగిలిన అయాన్లను పట్టే డీఐ రెసిన్ పెట్టి, మీటర్ సున్నా నుంచి కదలగానే రెసిన్ మార్చేయడం తప్ప వేరే దారి లేదు.

సరైన కొలత ఐసీపీ పరీక్ష. నీటిని వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి చిమ్మితే ఒక్కో మూలకం తనదైన వెలుగు చిందిస్తుంది. ఆ వెలుగును చూసి ముప్పై పైచిలుకు మూలకాలను లెక్కగడతారు. జర్మనీలోని ట్రైటన్ లాంటి ల్యాబులు అక్వేరియంవాళ్ల కోసమే ఈ పని చేస్తాయి. దగ్గర్లోని మామూలు నీటి ల్యాబుకు ఇచ్చేట్టయితే సముద్రపు నీరు చేయగలరా అని ముందే అడగండి. అంత ఉప్పు ఉంటే మామూలు పద్ధతిలో లెక్క తప్పుతుంది. ఒక సీసా ట్యాంకు నీళ్లు, ఇంకో సీసా టాపప్ నీళ్లు, రెండూ పంపండి. ఒక్కటే పంపితే లోహం ఉందని తెలుస్తుంది గానీ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు.

ఐసీపీ చెప్పేది మొత్తం రాగి. అందులో ఎంత విడిగా ఉంది, ఎంత కట్టుబడి ఉందనేది చెప్పదు. సముద్రం పైపొర నీటిలో రాగి నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు పైగా సేంద్రియ పదార్థాలకు అతుక్కునే ఉంటుంది, అందుకే అక్కడ జీవం ఉంది. ట్యాంకులో కూడా మేత, నాచు నుంచి వచ్చే పదార్థాలు కొంత రాగిని పట్టి ఉంచుతాయి. ఒకరి ట్యాంకులో 10 ఉన్నా రొయ్య తిరుగుతుంటే, ఇంకొకరి ట్యాంకులో 6కే పడిపోవడానికి ఇదొక కారణం. కాబట్టి పక్కవాళ్ల అంకె చూసి ధైర్యం తెచ్చుకోవడం గానీ, బెంబేలెత్తడం గానీ వద్దు.

ఇక తీసేయడం. అమ్మోనియాకు అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే పొరబడతారు. అమ్మోనియాను బ్యాక్టీరియా తింటుంది, ఓపిక పడితే పోతుంది. లోహాన్ని తినేవాళ్లు లేరు. అది నీళ్లలో లేదంటే రాళ్లలోనో, ఇసుకలోనో, నాచులోనో, ప్రాణి ఒంట్లోనో ఉంటుంది. మనం ఇంట్లోంచి బయట పారేసింది మాత్రమే పోయినట్టు.

అందుకే మూలం దొరక్కుండా నీళ్లు మారిస్తే ఏమవుతుందో చూద్దాం. వారానికి 20 శాతం మారుస్తున్నారు. మాగ్నెట్ నుంచి వారానికి కొంత రాగి వస్తోంది. కొన్నాళ్లకు వచ్చేదీ పోయేదీ సమానమైపోతాయి. అప్పుడు ప్రతి మార్పుకు ముందు ట్యాంకులో ఐదు వారాల రాగి నిలవ ఉంటుంది. ఏళ్ల తరబడి మార్చినా అంతకన్నా కిందికి దిగదు. నా మూడు వారాల చాకిరీ ఎందుకు వృథా అయిందో నాకు తర్వాత కాగితం మీద వేసుకుంటే తెలిసింది. అదే మాగ్నెట్ తీసేశాక 20 శాతం చొప్పున ఐదుసార్లు మారిస్తే మూడో వంతు మిగులుతుంది, పదిసార్లకు పదో వంతు. 50 శాతం చొప్పున రెండుసార్లు మారిస్తే పావు వంతే మిగులుతుంది. అంటే నీళ్లు అంతే ఖర్చయినా పెద్ద మార్పులు ఎక్కువ కడుగుతాయి. ఉప్పు గాఢత, వేడి రెండూ సరిగ్గా కలిపి మాత్రమే చేయాలి, లేకపోతే రాగి చంపనివి మనం చంపుతాం. ఈలోగా బతికున్న నత్తల్ని, రొయ్యల్ని కొత్తగా కలిపిన నీళ్ల బకెట్లో గాలి పెట్టి ఉంచడం నా పద్ధతి.

మిగిలినదాన్ని పట్టడానికి మీడియా ఉంది. యాక్టివేటెడ్ కార్బన్ సేంద్రియాలకు అతుక్కున్న రాగిని వాటితోపాటు లాగుతుంది, పూర్తిగా కాదు. క్యుప్రిసార్బ్ లాంటి రెసిన్ లోహం కోసమే చేసింది. పాలీ ఫిల్టర్ అనే మెత్త ముక్కను సంప్‌లో, అంటే ట్యాంకు కింది ఫిల్టర్ తొట్టెలో, నీళ్లు దూకే చోట పెడితే తెల్లటిది మామూలుగా మురికి రంగుకు తిరుగుతుంది. నీలం తిరిగిందంటే రాగి పట్టినట్టు. ఐసీపీ ఫలితం వచ్చేలోపు ఆ ముక్క రంగే మనకున్న సాక్ష్యం. రోజూ తీసి తెల్ల పళ్లెంలో పెట్టి పగటి వెలుతురులో చూడాలి. ట్యాంకు నీలి లైట్ల కింద ఏ గుడ్డైనా నీలంగానే ఉంటుంది.

భారలోహాలను విషం లేకుండా చేస్తామని చెప్పే సీసా మందుల గురించి నా మాట వేరు. అవి చాలావరకు లోహాన్ని కట్టేస్తాయే గానీ బయటికి పంపవు. మన కోస్తాలో రొయ్య పిల్లల హేచరీలు సముద్రపు నీటిలో ఈడీటీఏ కలుపుతాయి. లోహాలను కట్టేసి లార్వాను కాపాడటం దాని పని. అక్కడ అది సబబే. పిల్ల కొన్ని వారాల్లో చెరువుకు వెళ్లిపోతుంది, ఆ నీళ్లు కూడా పోతాయి. మన ట్యాంకులో నీళ్లు, రాళ్లు, రాగి ఏళ్ల తరబడి కలిసి కాపురం చేయాలి.

రాళ్ల సంగతి చెప్తానన్నాను. సున్నపు రాయి రాగిని పీల్చుకుంటుంది. పైన నీళ్లు శుభ్రమయ్యాక కొంచెం కొంచెంగా వదులుతుంది. పీహెచ్ పడిపోయినప్పుడు ఇంకా ఎక్కువ. ఒకసారి 2 చూపించిన ట్యాంకు నెల తర్వాత 6 చూపిస్తే కొత్త దొంగ వచ్చాడనుకోకండి, పాత బాకీ అది. రాగి పడ్డ ట్యాంకు ఇక ఎప్పటికీ పనికిరాదు అనే మాట కొంత అతిశయోక్తి. అద్దాన్ని వెనిగర్‌తో కడిగి వాడుకోవచ్చు. మాగ్నెట్ పగులు లాంటి చిన్న మోతాదైతే రెసిన్ రెండు మూడు నెలలు ఉంచితే రాళ్లు కూడా దారికొస్తాయి. కానీ చేపల మందు నేరుగా పోసిన ట్యాంకైతే ఇసుక, రాళ్లు పారేయడమే నయం. వాటి ధర కన్నా వాటి మీద పెట్టే రెసిన్ ధర ఎక్కువవుతుంది. కొత్త రాళ్లంటే ఎండు రాళ్లు కొనండి. మన తీరంలో పగడపు రాయి విరిచి తెచ్చుకోవడం వన్యప్రాణి చట్టం కింద నేరం, గట్టి పగడాలన్నీ పులితో సమానంగా ఒకటో షెడ్యూల్లో ఉన్నాయి.

కోలుకుంటున్న గుర్తు కోసం వెంటనే కొత్త రొయ్యను కొనకండి. లైట్లు ఆర్పిన గంట తర్వాత చిన్న టార్చి తీసుకుని అద్దానికి ఏటవాలుగా వేయండి. ఆవగింజలో పావు వంతు ఉండే, రొయ్యల దూరపు చుట్టాలైన తెల్లటి కోపెపాడ్లు ఝటకాలిస్తూ పాకుతుంటాయి. రాగి ఉన్నన్నాళ్లూ మా అద్దం రాత్రిపూట ఖాళీగా ఉండేది. మాగ్నెట్ తీసేసిన ఆరో వారం ఓ రాత్రి కింది మూలలో నాలుగు చుక్కలు లెక్కపెట్టాను. మర్నాడు పదకొండు.